గుర్తు చేయమని ఎవరూ అడగలేదు: ఒక మందుల యాప్ కట్టకముందు మేం చేసిన పని

నేను టీమ్‌లో చేరేనాటికే గడియారం బొమ్మ తయారైపోయింది. గుండ్రటి తెర, దాని చుట్టూ రంగురంగుల మాత్రలు, వేళ కాగానే ఒక్కో మాత్రా మెల్లగా ఉబ్బి వెలిగే యానిమేషన్. డిజైనర్ దాని మీద ఎన్ని రాత్రులు కూర్చున్నారో చూడగానే తెలిసిపోయేది. దీర్ఘకాలిక జబ్బులున్న పెద్దవాళ్లకు మందుల వేళ గుర్తుచేసే యాప్ అది. వచ్చే నెలలో కోడింగ్ మొదలు. ఈలోగా "రీసెర్చ్ కూడా చేశాం అనిపించుకోవాలి కదండీ" అని నన్ను పిలిచారు. ఆ మాట అన్నది మా ప్రొడక్ట్ మేనేజరే. దాపరికం లేని మనిషి. అందుకే తర్వాత ఆయనతో పోట్లాడటం కూడా సులువైంది.

ఆయన చేతిలో రెండు ఆధారాలున్నాయి. ఒకటి, 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక. అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలో సగటున 50 శాతం మందే చెప్పినట్టు మందులు వాడుతున్నారని అందులో ఉంది. రెండోది, టీమ్ సొంతంగా చేసిన ఆన్‌లైన్ సర్వే. "మందులు వేళకు గుర్తుచేసే యాప్ ఉంటే వాడతారా?" అని అడిగారు. దాదాపు అందరూ అవునన్నారు.

"సగం మంది సరిగ్గా వేసుకోవట్లేదు. అడిగితే అందరూ యాప్ కావాలంటున్నారు. ఇంకా తెలుసుకోవాల్సింది ఏముందండీ?"

ఉంది. సగం మంది సరిగ్గా వాడట్లేదని చెప్పిన ఆ నివేదిక, మరిచిపోవడం వల్లే వాడట్లేదని ఎక్కడా అనలేదు. కారణాలను అయిదు పాయలుగా విడదీసింది: మనిషి ఆర్థిక, సామాజిక పరిస్థితి, వైద్య వ్యవస్థ తీరు, జబ్బు స్వభావం, చికిత్స స్వభావం, చివరిగా రోగికి సంబంధించినవి. మతిమరుపు ఆ చివరి పాయలో ఒక చుక్క. మేం మాత్రం ఆ చుక్క మీద గడియారం కట్టేశాం.

సర్వేని ఎందుకు పక్కన పెట్టాం

"వాడతారా?" అని అడిగితే "వాడను" అనడానికి మొహమాటం అడ్డొస్తుంది. "వాడతాను" అంటే పోయేదేమీ లేదు. జనం అబద్ధాలాడతారని కాదు, రేపటి తన గురించి ఎవరైనా కాస్త గొప్పగానే ఊహించుకుంటారు. మాటకూ చేతకూ మధ్య దూరం గురించి ఒక పాత ప్రయోగం ఉంది. రిచర్డ్ లాపియర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక చైనీస్ జంటతో కలిసి అమెరికాలో చాలా దూరం తిరిగాడు. బస చేసే చోట్లు, భోజనశాలలు కలిపి 251 చోట్లకు వెళ్తే, ఒక్కచోటే కాదన్నారు. ఆ తర్వాత వాటికే ఉత్తరాలు రాసి "చైనీయులను రానిస్తారా?" అని అడిగితే, జవాబిచ్చినవాళ్లలో 90 శాతానికి పైగా "రానివ్వం" అన్నారు. 1934లో అచ్చయింది ఆ వ్యాసం. అక్కడ మాట చేదు, చేత మంచిది. మా వృత్తిలో ఎక్కువగా దీనికి తలకిందులు: మాట తీపి, చేత శూన్యం.

అందుకే ప్రశ్నను రేపటి నుంచి నిన్నటికి జరిపాం. "గుర్తుచేస్తే బాగుంటుందా?" అన్నది పోయి, "ఈమధ్య ఒక పూట మందు తప్పిందా? ఎప్పుడు? ఆ రోజు పొద్దున్నుంచీ ఏం జరిగింది?" అన్నది వచ్చింది. దీనికి క్రిటికల్ ఇన్సిడెంట్ టెక్నిక్ అని పేరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళంలో చేసిన పని ఆధారంగా జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వవేత్త దీని గురించి 1954లో రాశాడు. మంచి పైలట్‌కు ఏ గుణాలుండాలి అని అడిగితే సుద్దులు వస్తాయి. ఆ రోజు గాల్లో ఏమైందో చెప్పమంటే సంగతి వస్తుంది. మందుల విషయంలోనూ అంతే.

ఇంటర్వ్యూలకు ఆరు వారాలు అడిగాను, నాలుగు ఇచ్చారు.

మొదటి తప్పు నాదే

పని మొదలుపెట్టే ముందు అందరం కూర్చుని, మేం నిజమని నమ్ముతున్నవన్నీ చీటీల మీద రాసి గోడకు అంటించాం. పెద్దవాళ్లు మందులు తప్పేది మరిచిపోవడం వల్లే. అలారం మోగితే వేసుకుంటారు. ఫోన్ వాడగలరు. పిల్లలు కూడా తెలుసుకోవాలనుకుంటారు. ఇలా చాలా వచ్చాయి. తర్వాత ఒక్కో చీటీ ముందూ నిలబడి అడిగిన ప్రశ్న ఒకటే: ఇది తప్పని తేలితే మిగతా పనిలో ఎంత నీళ్లపాలవుతుంది? డెవలపర్లు అప్పటిదాకా అక్షరాల సైజు గురించి, అంటే మూడో చీటీ గురించి, తెగ మథనపడుతున్నారు. మొదటి చీటీ తప్పయితే అక్షరాలు ఎంత పెద్దవైనా చదివేవాళ్లే ఉండరు.

ఆ మొదటి చీటీని పరీక్షించడానికి మనుషులు కావాలని నేను ఒక ప్రకటన రాశాను: "మందులు వేసుకోవడం మరిచిపోతుంటారా? మాతో మాట్లాడండి." నలుగురు వచ్చారు. నలుగురూ మతిమరుపు గురించే చెప్పారు. ప్రొడక్ట్ మేనేజర్ ముఖం వెలిగిపోయింది. నాలుగో మనిషి సరిగ్గా మా ప్రకటనలోని వాక్యాన్నే నాకు తిరిగి అప్పజెబుతుంటే అప్పుడు తట్టింది: మేం చెరువులో వదిలిన చేపల్నే మేం వల వేసి పడుతున్నాం. ఆ నలుగురి నోట్సూ విడిగా పెట్టేశాను. ఒక వారం పోయింది.

రెండో ప్రకటనలో మరుపు ఊసు లేదు. "రోజూ మూడు రకాలకు మించి మందులు వాడేవాళ్లు, లేదా అలాంటివాళ్లను చూసుకునేవాళ్లు" అంతే. ఈసారి 14 ఇళ్లు.

బుధవారం గడి

ఇళ్లకే వెళ్లాం. ఆఫీసుకు పిలిచి మాట్లాడితే మనిషి తన అలవాటు గురించి చెబుతాడు. ఇంట్లో అయితే చూపిస్తాడు. ఇద్దరం వెళ్లేవాళ్లం, ఒకరు అడగడానికి, ఒకరు రాయడానికి. మందుల చీటీలు ఫొటో తీయకూడదని, పేర్లు నోట్సులో రాయకూడదని ముందే నియమం పెట్టుకున్నాం. ఎవరికి ఏ జబ్బో మా ఫైళ్లలో తిరగాల్సిన అవసరం లేదు.

అయిదో ఇల్లు. డెబ్బై దాటిన ఆవిడ, ఒంటరిగా ఉంటారు. కూతురు వేరే ఊళ్లో. నేను ప్రశ్న పూర్తిచేయకముందే చెప్పేశారు: "నేనెప్పుడూ మర్చిపోను అమ్మాయ్. పదిహేనేళ్లుగా వేసుకుంటున్నా. నిద్రలో లేపి అడిగినా చెబుతా."

"చాలా మంచిదండీ. ఎలా వేసుకుంటారో ఒకసారి చూపిస్తారా?"

మంచం పక్క బల్ల మీంచి ఏడు గడుల మాత్రల డబ్బా తెచ్చారు. వారానికి ఏడు మూతలు. ఆ రోజు శుక్రవారం. ఒక్కో మూతా తెరుస్తూ, ఏది పరగడుపున, ఏది తిన్నాక, ఏది ఏ మాత్రకు దూరంగా వేసుకోవాలో తడుముకోకుండా చెబుతున్నారు. థైరాయిడ్ మాత్రకూ క్యాల్షియంకూ మధ్య నాలుగు గంటలుండాలన్న సంగతి నాకే అక్కడ తెలిసింది. గురువారం మూత తీశారు, ఖాళీ. బుధవారం మూత తీశారు. మాత్రలు అలాగే ఉన్నాయి.

కాసేపు మాట్లాడలేదు. మూత మూశారు, మళ్లీ తెరిచారు.

"బుధవారం వేసుకున్నానే," అన్నారు. తర్వాత నెమ్మదిగా, "అంటే, వేసుకున్నట్టే గుర్తు."

"ఇప్పుడు ఏం చేస్తారండీ?"

"ఏం చేస్తాను? వేరే గడిలోంచి తీసి వేసుకున్నానేమో. లేకపోతే మంగళవారం డబ్బా నింపేటప్పుడు ఎక్కువ వేశానేమో. ఇప్పుడు వేసుకుంటే రెండుసార్లవుతుంది. వేసుకోకపోతే ఒకటి తక్కువవుతుంది." మూత నొక్కి పెట్టేశారు. "అమ్మాయికి చెప్పకండి."

ఇంటర్వ్యూలో ఆవిడ మొదట చెప్పిన మాట అబద్ధం కాదు. ఆవిడ మందు మరిచిపోలేదు. వేసుకున్నారో లేదో తేల్చుకోలేకపోయారు. ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి గానీ పూర్తిగా వేరు సమస్యలు. పదిహేనేళ్లు ఒకే పని ఒకే వేళకు ఒకే చోట చేస్తే, ఇవాళ్టి జ్ఞాపకం నిన్నటిదానిలో కలిసిపోతుంది. తలుపు తాళం వేశామా లేదా అని సగం దూరం వెళ్లాక సందేహం రావడం లాంటిదే. అలవాటు ఎంత గట్టిదైతే సందేహం అంత సహజం. దీనికి అలారం మందు కాదు సరికదా, కీడు కూడా. అలారం మోగిందంటే వేసుకోలేదేమో అనిపించి రెండోసారి వేసుకునేవాళ్లుంటారు. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ లాంటి మందును రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ తర్వాతి ఇళ్లలో మేం చూడాల్సింది ఏమిటో తెలిసింది. మాటల కంటే ముందు ఏర్పాట్లను చూడటం మొదలుపెట్టాం. ఒకాయన మాత్ర వేసుకోగానే ఆ షీటును బోర్లా తిప్పి పెడతారు. రాత్రి మళ్లీ వెల్లకిలా. ఒకావిడ షీటు వెనక రేకు మీద బాల్‌పెన్నుతో తేదీలు రాసుకున్నారు. కాగితం కాదు కాబట్టి సగం చెరిగిపోయాయి. ఇంకో ఇంట్లో కొడుకు వచ్చినప్పుడల్లా తండ్రికి తెలియకుండా మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, ఫోన్లో రాసుకుంటాడు. ఒకరి ఇంట్లో క్యాలెండర్ మీద పెన్సిల్ టిక్కులు. కొన్ని రోజులకు రెండేసి టిక్కులున్నాయి, ఎందుకని అడిగితే ఆయనకే తెలియదు.

ఏ సర్వే జవాబు కంటే ఈ చిల్లర ఏర్పాట్లే నాకు నమ్మకమైన సాక్ష్యం. ఎవరూ అడక్కుండా, ఎవరూ మెచ్చుకోకుండా, మనిషి తన సొంత శ్రమ పెట్టి సమస్యతో వేగుతున్నాడంటే ఆ సమస్య ఉన్నట్టే. ఒక విషయం గమనించండి: 14 ఇళ్లలో వేళ గుర్తుచేసుకోవడానికి ఏర్పాటు పెట్టుకున్నది ముగ్గురే. వేసుకున్నామో లేదో తెలుసుకోవడానికి ఏదో ఒకటి చేసుకున్నవాళ్లు తొమ్మిది మంది.

ఇంతకుముందు అలారం యాప్‌లు వాడి మానేసినవాళ్లతో మాట్లాడాలన్న ఆలోచన నాకు ఆలస్యంగా వచ్చింది. అలాంటివాళ్లు చివర్లో ముగ్గురే దొరికారు, మొదట్లోనే వెతకాల్సింది. ముగ్గురి కథా ఒకటే. అలారం మోగేసరికి స్నానంలో ఉంటారు, లేదా బయట ఉంటారు. మోత ఆపడానికి "వేసుకున్నాను" నొక్కేస్తారు. తర్వాత వేసుకుందామనుకుంటారు. యాప్ లెక్కలో మాత్రం వేసుకున్నట్టే. రెండు వారాల తర్వాత యాప్ చెప్పేది వాళ్లే నమ్మరు.

చీటీలు, కాలమ్‌లు, అయిదుగురి లెక్క

ఒక్కో ముక్క సమాచారాన్ని ఒక్కో చీటీ మీద రాసి, పేర్లు ముందే పెట్టకుండా, దగ్గరదగ్గరగా అనిపించినవాటిని ఒకచోట చేర్చుకుంటూ పోయాం. జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవాకిటా క్షేత్రస్థాయి నోట్సుతో వేగలేక తయారుచేసుకున్న పద్ధతి ఇది, ఆయన పేరులోని అక్షరాలతోనే కేజే పద్ధతి అంటారు. ఇందులో కిటుకు ఒక్కటే: కుప్ప ముందు, పేరు తర్వాత. "మరుపు" అని ముందే ఒక కాలమ్ గీస్తే చీటీలన్నీ అందులోకే దొర్లుతాయి.

"వేసుకున్నానా?" అన్న సందేహం కుప్ప అన్నిటికంటే పెద్దదయింది. దాని పక్కనే పిల్లల వైపు నుంచి ఇంకో కుప్ప. అందులో ఒక కూతురి మాట ఆ తర్వాత మా ఆఫీసులో సామెతలా స్థిరపడిపోయింది: "అడిగితే కోపం, అడక్కపోతే భయం." మూడో కుప్ప నేను అనుకోనిది, కావాలనే మందు తగ్గించేవాళ్లు. దాని గురించి చివర్లో చెబుతాను.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఈ పనిలో "అయిదుగురు యూజర్లు చాలు" అన్న మాట మంత్రంలా వినిపిస్తుంటుంది. దాని మూలం 1993లో నీల్సన్, లాండావర్ అనే పరిశోధకులు వేసిన లెక్క. ఒక్కో మనిషితో పరీక్షిస్తే సగటున 31 శాతం లోపాలు బయటపడతాయనుకుంటే, అయిదుగురితో దాదాపు 85 శాతం దొరుకుతాయి. అది తయారైన తెరలో లోపాలు పట్టుకోవడానికి వేసిన లెక్క. జనానికి ఏం కావాలో తెలుసుకోవడానికి కాదు. అవసరాలు వెతికేటప్పుడు నేను చూసేది తల లెక్క కాదు, కొత్త కుప్పలు రావడం ఆగిందా లేదా అన్నది. మాకు పదకొండో ఇంటి తర్వాత కొత్త కుప్ప రాలేదు. అలాగని 14లో 9 అంటే 64 శాతం అని ఎవరైనా స్లైడ్ మీద రాయబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాలి. ప్రొడక్ట్ మేనేజర్ రాశారు కూడా. ఆపాను.

ఆయన్ను ఒప్పించింది నా రిపోర్టు కాదు. పన్నెండో ఇంటికి నోట్సు రాసే మనిషిగా ఆయన్నే తీసుకెళ్లాను. మాట్లాడకూడదన్నది షరతు. అక్కడ పెద్దాయన మాత్రల షీటు చేతిలో పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, "ఇది ఇవాళ్టిదా నిన్నటిదా?" అని భార్యను అడిగారు. ఆవిడకూ తెలియదు. తిరుగు ప్రయాణంలో సగం దారి దాకా మేనేజర్ నోరు విప్పలేదు. "గడియారం తీసేద్దామా?" అన్నారు చివరికి. అప్పుడే వద్దన్నాను. సమస్య ఉందని తెలిసింది, మన పరిష్కారం పనికొస్తుందని ఇంకా తెలియదు.

క్లిక్కులు ఒకవైపు, మనుషులు ఒకవైపు

మొదట రెండు ల్యాండింగ్ పేజీలు, అంటే ప్రకటన నొక్కితే తెరుచుకునే పరిచయ పేజీలు, పెట్టాం. ఒకదాని మీద "మందుల వేళ గుర్తుచేస్తుంది". రెండోదాని మీద "మందు వేసుకున్నారో లేదో తెలుస్తుంది". ఒకే ప్రకటనకు సగం మంది దీనికి, సగం మంది దానికి వెళ్లేలా.

క్లిక్కుల్లో గడియారమే గెలిచింది, అదీ పెద్ద తేడాతో. ఇంటర్వ్యూలన్నీ ఒకవైపు లాగుతుంటే అంకె ఇంకోవైపు లాగింది. డిజైనర్ సంతోషాన్ని దాచుకోలేకపోయారు, నేను తప్పుపట్టను.

కానీ పేజీలో రెండో మెట్టు కూడా పెట్టాం. "నమోదు చేసుకోండి" నొక్కాక, "మీ ఇంట్లో మందులు వాడే పెద్దవాళ్లతో మాట్లాడి, వాళ్ల ఒప్పుకోలుతో మాకు పది నిమిషాలు ఫోన్ చేయండి" అని అడిగాం. ఇది ఊరికే వేలు ఆనించే పని కాదు. అమ్మతోనో నాన్నతోనో ఒక ఇబ్బందికరమైన మాట కదపాలి. గడియారం పేజీ నుంచి ఆ మెట్టు ఎక్కినవాళ్లు ఇద్దరు. రెండో పేజీ నుంచి తొమ్మిది మంది. "గుర్తుచేస్తుంది" అన్నది అందరికీ తెలిసిన మాట కాబట్టి అందరి వేలూ దానిమీదికే పోయింది, పని పడేసరికి వెనక్కి తగ్గారు. అవసరం ఎంతుందో తెలియాలంటే మనిషి దానికోసం ఏం వదులుకోవడానికి సిద్ధమో చూడాలి. సమయం, మొహమాటం, డబ్బు, ఏదో ఒకటి. క్లిక్కులో ఈ మూడూ లేవు.

యంత్రం స్థానంలో మేమే

కోడ్ రాయకుండా యాప్‌ను నడిపి చూడటం ఎలా? 1983లో ఐబీఎం పరిశోధకులు, మాట వింటే టైపు చేసే యంత్రం ఉంటే జనం దానితో ఉత్తరాలు రాస్తారా అని పరీక్షించారు. అప్పటికి అలాంటి యంత్రం లేదు. పక్క గదిలో ఒక టైపిస్టును కూర్చోబెట్టి, మాటలు ఆమె చెవిలో పడేలా, ఆమె టైపు చేసింది తెర మీద కనిపించేలా ఏర్పాటు చేశారు. మేం చేసింది దానికి చిన్న తమ్ముడు. మా దాంట్లో మాత్రం అవతల మనిషే ఉన్నాడని ఇళ్లవాళ్లకు ముందే చెప్పాం. మందుల సంగతిలో దాగుడుమూతలు ఆడకూడదు.

తొమ్మిది ఇళ్లు. నాలుగు పాతవి, అయిదు పేజీ ద్వారా వచ్చినవి. పెద్దవాళ్లు అప్పటికే వాడుతున్న మెసేజింగ్‌లో, మందు వేసుకోగానే మా నంబరుకు ఒక గుర్తు పంపాలి. వెంటనే మేం కూతురికో కొడుక్కో "వేసుకున్నారు" అని పంపుతాం. పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా వంతులవారీగా ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద రాసి ముగ్గురం సంతకాలు చేశాం: పదో రోజున మేం అడక్కుండానే కనీసం 5 ఇళ్ల నుంచి గుర్తులు వస్తుంటే ముందుకు, లేకపోతే ఆపేద్దాం. ఫలితం వచ్చాక గోల్‌పోస్టు జరపకుండా ఉండటానికి ఇది నా పాత అలవాటు.

పదో రోజున 7 ఇళ్ల నుంచి వస్తున్నాయి. గెలిచాం అనుకున్నాం.

ఒక జాగ్రత్త మాత్రం పడ్డాం. అందరి ఒప్పుకోలుతో మొదటి రోజూ పదో రోజూ షీట్లలోని మాత్రలు లెక్కపెట్టాం. మూడు ఇళ్లలో గుర్తుల సంఖ్యకూ ఖర్చయిన మాత్రలకూ పొంతన లేదు. గుర్తులు ఎక్కువ, ఖర్చయిన మాత్రలు తక్కువ. ఒక పెద్దాయన్ను అడిగితే నవ్వేశారు. "మీ దగ్గర దాపరికం ఎందుకు. గుర్తు వెళ్లకపోతే తొమ్మిదింటికల్లా అమ్మాయి ఫోన్ చేస్తుంది. అందుకని లేవగానే పంపేస్తా. మందు తర్వాత నిదానంగా వేసుకుంటా." వేసుకునేవారా? "చాలాసార్లు."

ఆ గుర్తు మందుకు సంబంధించింది కాకుండా పోయింది, కూతురికి ఇచ్చే జవాబైంది. మేం పెట్టుకున్న కొలత నెగ్గింది, ఉత్పత్తి ఓడింది. నేరుగా కోడ్ రాసి విడుదల చేసి ఉంటే లెక్కలు చూపించే మా డాష్‌బోర్డు పచ్చగా కళకళలాడుతూ ఉండేది, దాని వెనక మాత్రలు అలాగే ఉండేవి. ఇంకో ఇంట్లో ఆవిడ నాలుగో రోజే మానేశారు. "నామీద కాపలా పెట్టారా?" అన్నారు. వెనక్కి తిరిగి రాలేదు. మానేసిన ఆవిడ మాట, గుర్తులు పంపిన ఆయన నవ్వు, రెండూ ఒకే సంగతి చెప్పాయి.

తప్పు ఎక్కడుందంటే, సందేహం ఎవరిదో ఆ మనిషిని వదిలేసి, జవాబును ఇంకొకరికి పంపాం. అయిదో ఇంటి ఆవిడ చివరి మాట "అమ్మాయికి చెప్పకండి". నా నోట్సులోనే ఉంది. రాసుకున్నానే గానీ వినలేదు.

రెండో విడతలో తిప్పి పెట్టాం. ఎనిమిది ఇళ్లు, 14 రోజులు. గుర్తు పంపితే ఎవరికీ ఏమీ వెళ్లదు. సందేహం వచ్చినప్పుడు పెద్దవాళ్లు ఒక ప్రశ్నార్థకం పంపితే, "ఇవాళ ఉదయం 7:40కి వేసుకున్నట్టు చెప్పారు" అని మేం జవాబిస్తాం. గుర్తు రాకపోతే "ఇవాళ మీ నుంచి ఏమీ రాలేదు" అంటాం. "వేసుకోలేదు" అనం, ఎందుకంటే అది మాకు తెలియదు. ఈ ఒక్క వాక్యం మీద ఒక పూటంతా వాదించుకున్నాం. పిల్లలకు చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది పెద్దవాళ్లే నిర్ణయిస్తారు.

ప్రశ్నార్థకాలు మొదటి రోజే మొదలయ్యాయి. ఎక్కువగా మధ్యాహ్నం వచ్చేవి. ఒకావిడ రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు పంపేవారు. వారం తిరిగేసరికి ఎనిమిదిలో ఆరుగురు తమంతట తామే చెప్పారు, "మధ్యాహ్నం పన్నెండు దాటినా నా గుర్తు రాకపోతే అబ్బాయికి చెప్పండి" అని. ఇంతకుముందు కాపలా అనిపించింది, ఇప్పుడు వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు. మాత్రల లెక్క ఒక్క ఇంట్లో తప్ప అన్నిచోట్లా కలిసింది.

చివరి రోజున ప్రయోగం అయిపోయిందని చెప్పి, కొనసాగాలంటే కొద్ది మొత్తం ముందుగా కట్టాలన్నాం. నలుగురు కట్టారు. మేనేజర్ మొహం చిన్నబోయింది, సగమేనా అని. అంతకుముందు సర్వేలో "అవును" అన్న అంతమందిలో ఎవరి జేబూ తెరుచుకోలేదన్నది నేను గుర్తుచేయాల్సి వచ్చింది. కట్టనివాళ్లలో ఒకావిడ మర్నాడు కూడా మా నంబరుకు ప్రశ్నార్థకం పంపారు. జవాబు రాకపోతే మళ్లీ పంపారు. ప్రయోగం ఎలా ముగించాలన్నది మేం ముందు ఆలోచించుకోలేదు, అది మా తప్పే. యాప్ మొదటి వెర్షన్ చేతికొచ్చేదాకా మాలో ఒకరు ఆవిడకు జవాబులు ఇస్తూనే ఉన్నారు.

ఏం కట్టాం, ఏం వదిలేశాం

కట్టింది చాలా చిన్నది. ఒక పెద్ద బటన్, ఒక ప్రశ్న, ఒక జవాబు, పిల్లలకు ఎప్పుడు చెప్పాలో పెద్దవాళ్లు పెట్టుకునే ఒక గడువు. అలారం ఉంది, మొదట ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసినా మోత ఆపే బటనూ "వేసుకున్నాను" బటనూ వేర్వేరు. అది, అలారం యాప్‌లు మానేసిన ఆ ముగ్గురి పుణ్యం. ఇంత మోతాదు వేసుకోండి అని చెప్పే ఫీచర్ వద్దనుకున్నాం. చికిత్సకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్‌ను వైద్య పరికరంగా చూడటం గురించి అంతర్జాతీయ నియంత్రణ సంస్థల వేదిక 2013లోనే నిర్వచనం ఇచ్చింది. ఆ గీత దాటాలంటే వేరే టీమ్, వేరే పరీక్షలు కావాలి.

కావాలనే తగ్గించేవాళ్ల సంగతి చెబుతానన్నాను కదా. తొమ్మిదో ఇంటి పెద్దాయన ఇంటర్వ్యూ అంతా సాఫీగా మాట్లాడారు. రికార్డర్ ఆపి, చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించారు. "రక్తపోటు మాత్ర సగమే వేసుకుంటున్నా. పూర్తిది వేసుకుంటే లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి. డాక్టర్‌కు చెబితే ఇంకోటి రాస్తారని చెప్పలేదు." రికార్డర్ ఆపాక చెప్పింది కాబట్టి రాసుకోవచ్చా అని అడిగాను. పేరు లేకుండా అయితే రాసుకోమన్నారు. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పడం అవసరమని మాత్రం అన్నాను. తలాడించారు, చెప్పారో లేదో తెలియదు.

అలాంటివాళ్లు 14 ఇళ్లలో నలుగురు. వాళ్లకు గడియారమూ అక్కర్లేదు, మా ప్రశ్నార్థకమూ అక్కర్లేదు. వేసుకున్నారో లేదో వాళ్లకు బాగా తెలుసు. మేం కట్టిన దానిలో వాళ్లకోసం ఏమీ లేదు. కుప్పలన్నీ ఫొటోలు తీసి గోడ ఖాళీ చేసిన రోజున, ఆ నాలుగు చీటీలు ఏ ఫీచర్ కిందా చేరక మిగిలాయి. మేనేజర్ వాటిని తన మానిటర్ అంచుకు అంటించుకున్నారు. జిగురు ఆరిపోయి ఒకటి రెండుసార్లు కింద పడింది. టేపు వేశారు.